సంతకం అయ్యాక

హలో… ఆ, నేనే. వదినని. గొంతు అలా ఉందా? ఉంటుందిలే.

…

జ్వరం లేదు, ఏం లేదు. మీటింగులోంచి అలా లేచొచ్చేశానేమని నువ్వడుగుతున్నావా? నువ్వా!

…

కాదు, ముందు నేను చెప్పేది విను. ప్రూఫుల గదిలో నీకు కుర్చీ వేయించింది నేను. తమ్ముడి పెళ్లాం, చదువుకున్న పిల్ల, ఇంట్లో ఊరికే కూర్చోవడం దేనికని. పధ్నాలుగేళ్లు నువ్వు ఇంగ్లీషు రాతప్రతి పైకి చదవడం, నేను పేజీ మీద ఎర్ర పెన్ను పెట్టుకుని వినడం. కామాలతో సహా చదివేదానివి. మా ఆయన గొంతుకంటే నీ గొంతే ఎక్కువ విన్నానే.

…

తెలీనట్టు మాట్లాడకు. కొత్త ఎడిటరమ్మ ఏమంది? ఇంగ్లీషు మారిపోయింది మేడం, జైలుని జీ ఏ ఓ ఎల్ అని ఇప్పుడెవరూ రాయరు, కోఆపరేట్‌కి మధ్యలో గీత పెట్టరు అంది. నేనూరుకున్నానా? మన పుస్తకాల్లో ఎప్పుడూ ఇలాగే వేశాం, చూసుకోండి అని బీరువా తీశాను. అందరి ముందూ!

…

ఒకటి కాదు, ఏడు తెరిచాను. ఏడింట్లోనూ ఆవిడ చెప్పినట్టే ఉంది. రెండో పేజీలో మాత్రం, ప్రూఫులు చూసింది నేనేనని నా పేరు. ఎవరో నవ్వారు కూడా.

…

ప్రెస్సువాళ్ల మీదికి తొయ్యకు. నా సంతకం అయ్యాక పేజీలు కిందికి పట్టుకెళ్లేదెవరు? "మోకాళ్ల నొప్పులతో మెట్లెందుకు వదినా, నేనిచ్చొస్తాగా" అన్నదెవరు?

…

ఆఁ… అలా చెప్పు. నేను దిద్దినవి దారిలో మళ్లీ మార్చింది నువ్వే. ఎన్నేళ్లు?

…

ఆరేళ్లా!

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత.

అందుకేనా, "అచ్చయ్యాక పుస్తకం తెరవకు, తప్పు కనబడితే నిద్ర పట్టదు" అంటూ ఉండేదానివి? మన పనిలో అందరూ పాటించేదేగా అని నేనూ తెరవడం మానేశాను. నా మీద ప్రేమనుకున్నాను, పిచ్చిమొద్దుని.

…

ఎవరు, మేనేజరా? పాత స్పెల్లింగులు వదలనని నన్ను తీసేస్తానన్నాడా?

…

అందుకని నా ఉద్యోగం కాపాడావు. ఏం ఉద్యోగమే అది! ఆరేళ్లు ఎర్రసిరా ఒలకబోసి ఇంటికెళ్లాను, అంతేగా? తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

…

మారిందే, ఎవరు కాదన్నారు? మా తాతయ్య 'షో' అన్న మాటని ఎస్ హెచ్ ఈ డబ్ల్యూ అని రాసేవాడు. చిన్నప్పుడు చూసి నేనూ నవ్వాను. ఇప్పుడు నా రాత కూడా అలాగే అయిందని ఒక్క మాట చెబితే నేర్చుకోనా? యాభై దాటాక కంప్యూటర్ నేర్చుకోలేదూ? పక్కన కూర్చుని నేర్పింది నువ్వే కదే!

…

బాధపడతాననా… ఇప్పుడు పడట్లేదా?

…

తమ్ముడికి తెలుసా?

…

నసక్కు, అవునో కాదో చెప్పు.

…

వాడికీ తెలుసన్నమాట. షల్‌కీ విల్‌కీ తేడా నేను గంటసేపు చెబుతుంటే తల వంచుకుని నవ్వేవాడు. అక్క గొప్ప చూసి మురిసిపోతున్నాడనుకున్నా.

…

వద్దు. వాడికివ్వకు ఫోను. నాకిప్పుడు వాడి గొంతు వినాలని లేదు.

…

ఏడవకు. నేను తిట్టడానికి చేయలేదు… అంటే, తిట్టడానికే చేశాననుకో. ఒక్కటి అడుగుతా, అబద్ధం మాత్రం చెప్పకు. అక్షరం ఎగిరిపోయినవీ, చుక్క పడనివీ ఎవరైనా దిద్దుతారు. అవి వదిలెయ్. నేను పట్టుబట్టి, ఇది ఇలాగే ఉండాలని దిద్దినవాటిలో — ఒక్కటైనా ఉంచావా?

…

ఆలోచించకు. ఒక్కటి చెప్పు చాలు.

…

వింటున్నా.

… …

సరే, ఇక వెతక్కు. ఉంటా.