వదిన అడిగిన నిప్పులు

అనగనగా ఒక వీధి, ఆ వీధి మొత్తానికీ ఒకే ఒక్క కుంపటి... ఊఁ కొట్టు వదినా. ఊఁ కొట్టకపోతే కథ గడప దాటదని నాయనమ్మ అనేది కదా. నిప్పులు ఎక్కడికీ పోవు, ఇస్తాను. ఇవ్వనని అన్నానా? కానీ ముందు ఒక్క మాట చెప్పు. కొత్త దుకాణం తెరిచే రోజున, అందులోనూ ఇస్త్రీ దుకాణం, బొగ్గులు తడిపేసుకున్నవాళ్ళు లోకంలో ఇంకెవరైనా ఉంటారా?

దుప్పటి కప్పావా? బాగుంది! దుప్పటి వానను ఆపుతుందా, తాగుతుందా?

నవ్వకు. నాకు నవ్వు రావడం లేదు. నీ పేరు మీద పక్కవీధిలో ఒక దుకాణం కావాలన్నావు, తప్పేమీ లేదు. బోర్డుకు రంగులు వేయించావు, బల్ల మీద కొత్త కంబళి పరిచావు. బొగ్గుల బస్తాను మాత్రం పెరట్లో ఆకాశం కింద వదిలేశావు!

నీ తప్పు కాదులే. ఇన్నేళ్ళూ ఈ దుకాణంలో నిప్పు సంగతి నాది, మడత సంగతి నీది. పొద్దున్నే ఇస్త్రీపెట్టె వేడెక్కి నీ చేతికి వచ్చేది. అది ఎలా వేడెక్కిందో నువ్వెప్పుడైనా వెనక్కి తిరిగి చూశావా? అందుకే చెబుతున్నాను. వ్యాపారం పెట్టేవాళ్ళు తమకు ఏది చేతకాదో ముందు చూసుకోవాలి. వచ్చిన పని ఎలాగూ వచ్చు.

కిరసనాయిలు పోసి అంటిద్దామని అన్నయ్య అన్నాడా? అంటాడు! ఆ వాసన పట్టిన చొక్కా తొడుక్కుని మాస్టారు బడికి వెళితే, పిల్లలు ముక్కులు మూసుకుని పాఠం వినాలి. వద్దు. బస్తాను లోపలికి తెప్పించు, ఇటుకల మీద పెట్టించు. గోడకు ఆనించకు, చెమ్మ లాగుతుంది.

అదిగో, మళ్ళీ వీధిలోకి చూస్తున్నావు. డాక్టరమ్మ ఇంటి బట్టల మూట వచ్చే వేళయిందనేగా? వస్తుంది. నీ గడప దగ్గర ఆగుతుందో, నా గడప దగ్గర ఆగుతుందో, అదీ చూద్దాం.

సరే, కథ. ఆ కుంపటి ఒక ముసలమ్మది. తెల్లవారగానే ఇంటింటి నుంచీ ఎవరో ఒకరు డబ్బా పట్టుకుని వచ్చేవారు, నీలాగే, ఇదే మొహంతో. ఆవిడ తలా కాసిని నిప్పులు వేసి పంపేది. ఆ నిప్పుతోనే వీధిలో పొయ్యిలన్నీ అంటుకునేవి.

అన్నట్టు, ధర ఎంత పెడుతున్నావు? నాకంటే తగ్గించేనా? చూడు వదినా, తగ్గించి మొదలుపెట్టడం తేలిక. తరువాత పెంచిన రోజున, వాళ్ళ జేబులో చెయ్యి పెట్టినట్టు చూస్తారు నిన్ను. నా కోసం చెబుతున్నానంటావా? నా కోసం కూడా చెబుతున్నాను. అయినా మాట తప్పు కాదు.

సాయంత్రానికి అవుతుందా అని అడిగితే, రేపు అను. అని, సాయంత్రమే ఇవ్వు. నువ్వు ఎవరినీ కాదనలేవు, అదే నీ జబ్బు. అందరికీ సాయంత్రమే అంటావు, సాయంత్రం కాగానే బేలగా నా వైపు చూస్తావు. అక్కడ చూడటానికి నేనుండను కదా!

పెట్టె కణకణలాడుతున్నప్పుడు నూలు బట్టలు కానివ్వు, వేడి తగ్గాక పట్టుబట్టలు. ఏదైనా కాలిందా, మూటలో దాచి పంపకు. వాళ్ళు విప్పకముందే నువ్వే వెళ్ళి చూపించు. తిడతారు. తిట్టించుకో. తిట్టినవాళ్ళు మళ్ళీ వస్తారు. మూట విప్పి తామే చూసుకున్నవాళ్ళు రారు.

ఇక అన్నయ్య. ఆయనను బల్ల దగ్గర నిలబెట్టకు, ఆ కబుర్లకు చొక్కా చేతులు మాడిపోతాయి. మూటలు మోయించు. మొగుడని మొహమాటపడ్డావో, దుకాణానికి యజమానులు ఇద్దరవుతారు, పనిచేసేవాళ్ళు ఒక్కరూ ఉండరు.

ఎందుకిలా అటూ ఇటూ తిరుగుతున్నానంటావా? కూర్చోలేకపోతున్నాను, అంతే. నీ బల్ల ఖాళీగా ఉంది. ఇవాళ మాస్టారి చొక్కాలు నేనే మడత పెట్టాను. పెట్టడం, విప్పడం, మళ్ళీ పెట్టడం. చివరికి కాలరు ఒక పక్కకు ఒరిగి, మెడ పట్టేసిన మనిషిలా తయారయింది. ఆయన దాన్ని చూసి ఏమన్నారో తెలుసా? "మీ వదిన దుకాణం ఎక్కడమ్మా?" అని అడిగారు.

చెప్పాను. చెప్పకుండా ఉంటానా? పక్కవీధిలో, మందుల షాపును ఆనుకునే అని చెప్పాను. చెప్పినప్పటి నుంచీ, ఇదిగో, తుడిచిన బల్లనే తుడుస్తున్నాను.

ఊఁ కొట్టు. ఒకనాడు ఆ ముసలమ్మకు విసుగు పుట్టింది. నా నిప్పుతో వీధంతా వండుకుతింటోంది, నాకేమిటి అనుకుంది. తలుపు గడియ పెట్టింది. ఒక్క నిప్పురవ్వ కూడా బయటికి పోకూడదని కుంపటిని బూడిదతో మందంగా కప్పేసింది. మర్నాడు బూడిద తీసి చూస్తే ఏముంది, నల్లబొగ్గులు! సరే, పక్కింట్లో కాస్త నిప్పు అడుగుదామని వెళ్ళింది. వాళ్ళ పొయ్యీ చల్లగా ఉంది. ఆ పక్కింటికి వెళ్ళింది, అక్కడా అంతే. ఎక్కడి నుంచి వస్తుంది? వీధిలో ఉన్న నిప్పంతా ఆవిడ పంచిందే కదా...

అయ్యో, చూడు, చూడు! మాటల్లో పడి కుంపటి సంగతే మరిచాను. పైన ఎంత బూడిద కట్టిందో! ఆ విసనకర్ర ఇలా ఇవ్వు, త్వరగా. ఉండు... ఉంది, ఉంది. లోపల ఎర్రగానే ఉంది. డబ్బా పట్టు. దగ్గరగా. పెద్దవే వేస్తున్నాను. ఇదిగో ఇంకొకటి. నాకు చాలులే, ఇవాళ నాకెన్ని మూటలు వస్తాయని?

నిజం చెప్పేస్తాను వదినా. బొగ్గులు తడిశాయని నువ్వు అనగానే నాకు సంతోషం కలిగింది. ఇవాళ తెరవలేకపోతుంది, రేపు ధైర్యం చాలదు, మళ్ళీ ఈ బల్ల దగ్గరికే వస్తుంది అనుకున్నాను. ఇంత వ్యాపారం బోధించింది కూడా, నిప్పు చల్లారేదాకా నిన్ను ఇక్కడ నిలబెట్టడానికే. చెప్పిన మాటలు మాత్రం అబద్ధం కాదు, వాడుకో.

ఇక వెళ్ళు. మూత బిగించకు, గాలి ఆడకపోతే దారిలోనే ఆరిపోతాయి. రేపు నా కుంపటి ఆరిందంటే నేను రావలసింది నీ గుమ్మానికే.

ఏమిటలా చూస్తావు? ఇదీ నాయనమ్మ కథే అనుకున్నావా? నాయనమ్మ కథలన్నీ నాకు కంఠతా వచ్చు, వాటిలో ఇది లేదు. నేను మొదటిసారి పెట్టె తగిలి చెయ్యి కాల్చుకుని, ఈ పని నావల్ల కాదని బల్ల కింద దూరి ఏడుస్తుంటే, నా వేళ్ళను చన్నీళ్ళలో పట్టుకుని కూర్చుని ఈ కథ చెప్పింది నువ్వే, వదినా.