పదేళ్ల మడత

మాంట్రియల్‌లో మా యూదుల ప్రార్థన మందిరం, యోమ్ కిప్పూర్ ఉపవాసం రోజు. ఇజ్రాయెల్ దేశానికి అప్పుగా డబ్బిచ్చి, గడువు తీరాక తిరిగి తీసుకునే బాండ్ల అట్టలు పంచారు. ఈ రోజు కలం ముట్టకూడదు కనుక, కొనేవాళ్ళు ఎన్నేళ్ల బాండు కావాలో ఆ అంకె దగ్గర అట్ట అంచు మడిచి ఇస్తారు. మా ముందు వరుసలో ముసలి భార్యాభర్తలు కూర్చున్నారు.

"ఏమండీ, ఆ అట్ట ఇలా ఇవ్వండి. మీరేదో ఒకటి చేసేస్తారని నాకు దడగా ఉంది."

"అంచు మడవడమేగా, బండలు మొయ్యమన్నారా?"

"రెండేళ్ల బాండు చాలు. అయ్యయ్యో, పదేళ్లది మడిచేశారు! విప్పండి."

"విప్పినా మడత కనిపిస్తుంది."

"ఆ దేశానికివ్వడం నాకూ ఇష్టమే, మా నాన్న ఏటేటా కొనేవాడు. కానీ మంగళవారం మీకు గుండె ఆపరేషను. డాక్టరు వచ్చే ఏడాది మాటే ఎత్తడం లేదు. పదేళ్లకి ఆ డబ్బు ఎవరు తీసుకుంటారండీ?"

ప్రార్థన సాగింది. అందరూ లేచారు, చాలాసేపు నిలబడ్డారు, కూర్చున్నారు.

"తెలిసే మడిచానే," అన్నాడు చివరికి. "ఈ ఏడాది ఎవరు బతకాలో దేవుడు పైన రాసి ముద్ర వేసేది ఇవాళేగా. పదేళ్లకి నాకు ఇక్కడ పనుందని ఆయన కూడా చూసుకోనీ."