మూడో ప్రకటన

ఆదివారం ఉదయపు ఆరాధన. విడవలూరు దాటి సముద్రానికి పోయే దారిలో చర్చి, దానికెదురుగా సరుగుడు తోపు. మేనమామ పరువు తీద్దామని కృష్ణపట్నం నుంచి అంత దూరం వచ్చి, ఇప్పుడు తోపులో స్కూటర్ మీదే కూర్చుని గొంతు సవరించుకుంటున్నవాడి పేరు జడ్సన్. చర్చిలో మాత్రం వాడు ఇంకా అబిగయీలే. పక్కనున్నది పెదనాన్న కూతురు లిల్లీ.

"దిగుతావా, నన్ను తొయ్యమంటావా?"

"రవంత ఆగక్కా. గొంతు చూసుకుంటా ఉండా. హలో... హలో... సంఘమునకు వంద—"

"కీచుమన్నది."

"నాకు వినపళ్ళా అనుకున్నావా?"

"నేను నవ్వలేదురా. అట్టా చూడబాక."

"నవ్వినావు. నువ్వే నవ్వితే లోపల ఉండేవాళ్ళు ఊరుకుంటారా? అభ్యంతరం అనే మాట సగం లావుగా, సగం సన్నంగా వచ్చిందనుకో, ఆదివారం బడి పిల్లకాయలు గూడా పగలబడి నవ్వుతారు."

"డాక్టరమ్మ ఏమన్నది?"

"మగ హార్మోను సూదులు మొదలుపెట్టి నాలుగు నెలలే గదా, గొంతు దిగేటప్పుడు ఇట్టాగే పగుల్తాది, పోను పోను అదే కుదురుకుంటాది అన్నది. మగపిల్లకాయలకి హైస్కూల్లో వచ్చేది నాకు ఇప్పుడు వచ్చింది. అంతే."

"అందుకేనా మొహం నిండా ఆ మొటిమలు? ఆముదం పూసినట్టు ఆ జిడ్డేంది?"

"మొటిమలు గాదు, మీసం చూడక్కా."

"యాడ?"

"ఇక్కడ. వెలుతురు వైపు తిరుగుతా, ఉండు."

"ఆఁ, ఉండాది, ఉండాది. నాకుండేంత ఉండాది."

"నీ నోరు పడ!"

"తిండి మాత్రం మీసం వచ్చినోడి తిండే. పొద్దున మా అత్త పిండి గిన్నె అడుగంటా గీకి దోసెలు పోసింది నీకు. ఆమె మొహం చూసినావా?"

"ఆకలక్కా, ఏం చేసేది? ఒళ్ళంతా కాగుతా ఉంటాది. చెమట వాసన గూడా మారిపోయింది, నా చొక్కా నాకే కొత్తగా ఉంటాది. నెలసరి ఆగిపోయిందని చెప్పినానా నీకు? ఆ నెల రాకపోయేసరికి బాత్రూమ్‌లో కూర్చోని ఏడ్చినా."

"ఎందుకురా?"

"సంతోషం తట్టుకోలేక."

"పిచ్చోడా... సరే, లోపలికి పోయి ఏం చేస్తావో ఇంకోసారి చెప్పు."

"మగవాళ్ళ వైపు చాప మీద కూర్చుంటా. సంఘ కార్యదర్శి విజయభాస్కర్ గారు, మా మామ, లేచి పెళ్ళి ప్రకటన చదువుతాడు. నా కుమారుడు సుశీల్ కుమార్‌కు, నా చెల్లెలు ప్రేమలీల కుమార్తె అబిగయీలుకు వివాహము అని. రెండు ఆదివారాలు చదివేసినాడు, ఈ రోజు మూడోది. చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే సంఘము వినునట్లు చెప్పవలెను అంటాడు. అప్పుడు లేస్తా."

"లేవకపోతే?"

"లేవకపోతే ఖాయమైనట్టే. నా పెళ్ళి సంగతి నన్ను అడిగినోడు లేడు, నాకు చెప్పినోడు లేడు. నీ నోటంట వినాల్సొచ్చింది. ఎవురి పెళ్ళి ఇది?"

"అంటే అభ్యంతరం చెప్పడానికే వచ్చినావు."

"దానికొక్కదానికే అయితే ఫోన్లో చెప్పుండేవాణ్ణి."

"మరి?"

"పదో తరగతిలో జుట్టు కత్తిరించుకున్నా, గుర్తుందా? ఆ ఆదివారం నన్ను ఏం చేసినాడు? నెత్తిన ముసుగేయించి, సంఘం ముందర నిలబెట్టి, మైకు చేతికిచ్చినాడు. తప్పయింది, క్షమించండి అను, అంటేనే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇస్తామన్నాడు. నాకు మాట రాకపోతే వెనకాల నిలబడి వేలితో వీపులో పొడిచినాడు. ఆ పోటు ఇప్పటికీ వీపులో ఉండాది. అదే మైకు ముందర, అదే సంఘం ముందర వాణ్ణి నిలబెట్టాల. వాడి నోటంట అదే మాట రావాల."

"మేనమామను పట్టుకోని వాడు వీడు అంటావేందిరా?"

"ఏమనమంటావు? కడుపు మండిపోతా ఉంటే."

"దేవుడు క్షమించమన్నాడు గదరా."

"ఆయన పని ఆయన చూసుకుంటాడులే. నా పని నన్ను చూసుకోనీ."

"లోపల మీ అమ్మ గూడా ఉంటాది. అది ఆలోచించినావా?"

"ఆమె మాట ఎత్తబాక."

"ఎందుకెత్తకూడదు?"

"దాని మొహం నాకు చూపించద్దు, అది నా కడుపున పుట్టలా అన్నదంట."

"పిన్నమ్మా? నీతో అన్నదా?"

"మామతో అన్నదంట. మామ చెప్పినాడు. నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు గదా, ఇంకేం కావాల సాక్ష్యం?"

"పిన్నమ్మ నోట అట్టాంటి మాట నేను పుట్టి వినలా. పోయి అడుగుదామంటే మీ మామ నన్ను ఆ గడప తొక్కనియ్యడు, చర్చిలో గూడా ఆమె పక్కకి పోనియ్యడు... ఏంది, ఫోనా? ఎవురు?"

"ఇంకెవరు? వాడే."

"ఎత్తబాకరా. లోపలికి పోదాం పా."

"ఎత్తుతా. ఏం కూస్తాడో చూద్దాం... హలో."

"ఏమే అబీ! లిల్లీ బండి మీద నిన్ను చూసినానని హజరత్తయ్య చెప్తా ఉండాడే! యాడున్నావు?"

"అక్కా... అక్కా, ఇటు రా. విన్నావా?"

"ఏంది?"

"ఫోన్లో ఒకసారి, చర్చి మీద మైకు హారన్లో ఇంకోసారి. యాడున్నావు అని ఊరంతా మోగింది!"

"అయ్యో నా తండ్రీ! కాలర్ మైకు! పండక్కి కొన్న కొత్త మైకురా. పొద్దున్నే తగిలించుకుంటాడు, ఇంగ తియ్యడు. ఆపకుండానే మందిరం వెనక వెస్ట్రీ గదిలోకి పోయి నీకు ఫోన్ చేస్తా ఉండాడు. చెయ్యి అడ్డం పెట్టు, చెయ్యి!"

"పెట్టినా. వాడికి వినపడదా?"

"ఆ చెవులకా? తలుపు మూసుకోని, ఫోన్ స్పీకర్లో పెట్టి అరిస్తే గానీ ఆయనకి అర్థం గాదు. నీ మాటలు గూడా మైకులోకి పోతాయి, తెలుసా? చెప్పెయ్‌రా, ఆపుకోమని చెప్పెయ్."

"చెప్పను."

"ఒరే!"

"నేను చచ్చినా చెప్పనక్కా. మైకు సెట్టు దగ్గర చిన్నా ఉండాడు గదా, వాడెందుకు ఆపలా?"

"సినిమాకి పోయినాడని వాణ్ణి గూడా సంఘం ముందర నిలబెట్టినాడు గదా మీ మామ."

"అయితే వాడు గూడా ఆపడు. నువ్వు మాట్లాడబాక... ఆ, మామా! సిగ్నల్ పోయింది. నేను కృష్ణపట్నంలో, రూములో ఉండా. హజరత్తయ్య ఎవర్ని చూసినాడో ఏమో."

"ఆ గొంతేందే, ఆ గొంతు! వింటా ఉంటే ఒళ్ళు జలదరిస్తా ఉండాది. ఈ రోజు ఇటు దిక్కు రాబాక. మూడో ప్రకటన అయిపోతే నేనే వచ్చి తీసుకొస్తా."

"రాను మామా. అమ్మ ఎట్టా ఉండాది?"

"మీ అమ్మకేం, బంగారంలాగుండాది. ఆడవాళ్ళ వైపు ముందర కూర్చోనుండాది, కొత్త చీర కట్టుకోని."

"కొత్త చీరెందుకు?"

"కూతురి పెళ్ళి ప్రకటనకి పాత చీర కడతారా?"

"నా మొహం చూడనన్నది గదా?"

"అది... అది అప్పుడన్నదిలే."

"ఎప్పుడు? ఎవరి ముందర అన్నది?"

"నువ్వేమన్నా వకీలువా? అన్నదంటే అన్నది."

"చెప్పు మామా. మనిద్దరమే గదా. నేను చెప్తే మాత్రం ఎవరు నమ్ముతారు? అమ్మ నిజంగా ఆ మాటన్నదా?"

"అబ్బబ్బ, ప్రాణం తీస్తావే! అనలేదు, పో! నేనే అట్టా చెప్పినా. చెప్పకపోతే ఇంటి చుట్టూ తిరగడం మానతావా నువ్వు?"

"మరి ఫోన్లు ఎందుకెత్తలా?"

"నెంబరు మార్పించినా. పాత సిమ్ము పాడైపోయిందని చెప్పినా."

"మరి నేను ఫోన్ చెయ్యడం లేదేందని అమ్మ అడగదా?"

"అడగకుండా ఉంటాదా? నీకు గొంతులో గడ్డ లేచింది, ఆపరేషన్ అయింది, డాక్టర్లు మాట్లాడద్దన్నారని చెప్పినా. నీ గొంతు ఇట్టా అయిందని తెలిస్తే ఆమె బతకదే! పిచ్చిది, నీకు మాట రావాలని ఉపవాసాలుండి ప్రార్థన చేస్తా ఉండాది... హలో? ఉండావా?"

"ఉండా."

"ఏడుస్తా ఉండావా? గొంతు పగిలింది."

"లేదు మామా. అది సూది మందు."

"ఆ సూదులే, ఆ సూదులే వద్దంటా ఉండా! మెళ్ళో తాళి పడితే అన్నీ నువ్వే మానతావు."

"సుశీల్‌కి తెలుసా ఈ సూదుల సంగతి?"

"వాడికెందుకు? వాడు నేను కూర్చోమంటే కూర్చుంటాడు, లెయ్యమంటే లేస్తాడు. ఇష్టం లేదని రెండు రోజులు గొణిగినాడు, నాలుగు తగిలిస్తే నోరు మూసుకున్నాడు."

"సంఘం పెద్దలు ఏమనలా?"

"పెద్దలంట పెద్దలు! గొర్రెల మంద. నేను ఎటు తోలితే అటు పోతారు. రెబెక్కమ్మ ఒకతే అడిగింది, పిల్లను పిలిపించి ఇష్టమో కాదో అడగరా అని. ఆ ముసలిదానికి చేటంత నోరు. మందిరం ఊడ్చే పని పీకేస్తానంటే గమ్మునుండిపోయింది... ఎవరది తలుపు కొట్టేది? వస్తా ఉండా! పాస్టరు అయ్యగారు పక్కూరి నుంచి వచ్చేదాకా ఇంకో పాట పాడండి!"

"ఎవరు మామా?"

"క్వయర్ పిల్లకాయలు. ఏమైందో, ఈ రోజు పాట గూడా ఆపేసి కూర్చున్నారు. చప్పుడే లేదు."

"లేదా? నీకు వినపళ్ళేదేమో... మామా, ఇంకొక్కటి. ఆ రోజు జుట్టు కత్తిరించుకున్నానని నన్ను నిలబెట్టినావు గదా. అది నిజంగా పాపమనే నిలబెట్టినావా?"

"ఇప్పుడదెందుకు?"

"ఊరికే. ఎన్నాళ్ళనుంచో అడుగుదామనుకుంటా ఉండా."

"పాపమో పుణ్యమో ఎవడికి కావాలే! ఆ ఏడు కార్యదర్శి ఎన్నికలుండె. సొంత చెల్లెలి బిడ్డనే నిలబెట్టినాడు, ఎంత నికార్సైన మనిషి అనుకున్నారు జనం. అందరూ నాకే చేతులెత్తినారు."

"అందుకా!"

"మరి దేనికనుకున్నావు?"

"సరేలే. మరి నేను ఈ పెళ్ళికి అభ్యంతరం చెప్తే?"

"చెప్పుకో, ఎవడొద్దన్నాడు! ఫోన్లో చెప్తే చెల్లదు. సంఘం వినేటట్టు చెప్పాల. సంఘమేమో ఈడ, నువ్వేమో కృష్ణపట్నంలో."

"సంఘం వింటే చాలా?"

"చాలు."

"మాటే గదా?"

"మాటే."

"అయితే విను. సంఘమునకు వందనాలు. నేను జయకుమార్ బిడ్డను. మీరు అబిగయీలు అని పిలిచినారు, నా పేరు జడ్సన్. నేను ఆడపిల్లను గాను, ఎప్పుడూ గాను. నాకు గడ్డా లేదు, ఆపరేషనూ లేదు, నా గొంతు ఇది. ఈ పెళ్ళి గురించి నన్నెవరూ అడగలేదు. దీనికి నాకు అభ్యంతరం ఉంది. అమ్మా, నేను బాగుండా. నీకు రోజూ ఫోన్ చేసినా."

"పగల్లేదురా తమ్ముడూ! ఒక్క మాట గూడా పగల్లేదు!"

"హారన్లో విన్నావా అక్కా? నా గొంతేనా అది?"

"మీ నాయన గొంతురా! చిన్నాయన బతికుండగా మైకులో వాక్యం చదివితే అచ్చం ఇట్టాగే ఉండేది."

"ఎవరే అది పక్కన? లిల్లీనా? హారనేంది, మైకేంది? ఎవరికి చెప్తా ఉండావు ఆ వందనాలు?"

"మామా, నీ చొక్కా కాలరు చూసుకో."

"ఏముండాది కాలరుకి?"

"పచ్చలైటు వెలుగుతా ఉండాదా?"

"ఉండు, మెడ వంచి చూడనీ."

"వెలుగుతా ఉండాదా మామా?"

"ఎప్... ఎప్పట్నుంచి?"

"'ఏమే అబీ' కాడ్నుంచి. గొర్రెల మంద విన్నది. సుశీల్ విన్నాడు. రెబెక్కమ్మ విన్నది. బయటికి రా, సంఘం ముందర నిలబడు. రెండు మాటలే, నాకు నేర్పించినవే. తప్పయింది, క్షమించండి. మాట రాకపోతే వెనకాల నిలబడి పొడవడానికి నేను వస్తా ఉండా, తోపు దాటేంత సేపు."

"కొంప ముంచినావే... ఈ బొత్తాం యాడ చచ్చింది... చిన్నా! ఒరే చిన్నా, ఆపరా! ఎట్టా ఆపాల దీన్ని... ఎవరది తలుపు తోసింది? ప్రేమా? నువ్వెందుకొచ్చినావు? పో, పోయి ఆడవాళ్ళ వైపు కూర్చో, నేను చెప్తా, అంతా నేను—"

"చెయ్యి తియ్ అన్నా. ఆ మైకు ఆపబాక. నా కొడుకు ఇంకా మాట్లాడతా ఉండాడు."