హాల్లో కుక్క, వంటింట్లో సైగలు

అత్తగారు వంటింటి తలుపు దగ్గరగా వేసి, గిన్నెలు తుడుస్తున్న కోడలి పక్కన నిలబడింది.

"నిజం చెప్పు. ఆ కుక్కకి చెవుడు కదూ?"

"అబ్బే, అదేం లేదత్తయ్యా. మీ అబ్బాయి కూర్చోమంటే కూర్చుంటోందిగా!"

"వాడి వెనక నిలబడి నువ్వు అరచెయ్యి కిందికి దించుతుంటే కూర్చుంటోంది. నిన్ననే చూశాను."

"ఆయనకి చెప్పకండత్తయ్యా, మీకు పుణ్యముంటుంది. ఈ సాయంత్రం కూడా మాట వినకపోతే తిరిగి ఇచ్చేస్తానంటున్నారు."

"చెప్పేదాన్నయితే ఎప్పుడో చెప్పేదాన్ని. అది ఉలిక్కిపడకూడదనేగా, దగ్గరికెళ్ళే ముందు నేను కాలితో నేల మీద తట్టేది! అదురు తెలిసి తిరిగి చూస్తుంది."

"అందుకా ఇల్లదిరేలా నడుస్తున్నారు! నామీద కోపమనుకుని నోరు మూసుకు తిరుగుతున్నాను."

"అదీ మంచిదేలే."

"మరి నిన్న ఆయన స్నేహితుల ముందు అది కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఆయన పరువు పోయింది. నేను సరిగ్గానే చూపించానే!"

అత్తగారు కొంగు సర్దుకుంది.

"గుమ్మం దగ్గర్నుంచి నేనూ చెయ్యెత్తాను. కూర్చోమని నేను నేర్పిన సైగ అది."

"నేను నేర్పినదాంట్లో అది లేవమని!"

"పాపం, అత్త మాట వినాలో కోడలి మాట వినాలో తెలీక నలిగిపోయింది. అచ్చం మావాడిలాగే."

"పోనీ, మీ సైగే ఉంచుదాం. నాది మానేస్తాను."

"ఆహా! అయితే ఈ ఇంట్లో చెవుడు కుక్కకొక్కదానికేనన్నమాట."