పేరు పూర్తయ్యేలోపు

సునామీ తర్వాతి ఏడు, ఫీనిక్స్ బే జెట్టీలో పడవ కోసం కాచుకుంటూ, సహాయ శిబిరంలో చదరంగం నేర్చిన జాలరి బడి మాస్టారితో పందెం కట్టాడు. తను గెలిస్తే కూతురికి బడి టీములో చోటివ్వాలి. మనిషికి ఐదు నిమిషాలు; ఎవరి టైము ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టే.

"మాస్టారూ, మీ గడియారం తిరుగుతోంది. ఎత్తు ఎయ్యండి."

"ఆడే పద్ధతి పేరు చెప్పందే ఎత్తు వెయ్యను. సిసిలియన్ డిఫెన్స్, నైడార్ఫ్ వేరియేషన్, పాయిజన్డ్ పాన్..."

"ఇందాకే సెప్పారు కదండీ!"

"ఎత్తు మారితే పేరు పెరుగుతుందయ్యా. మళ్ళీ మొదట్నించీ చెప్పాలి."

"ఇది పేరా, పేరాగ్రాఫా? ఈలోగా పడవ రంగత్ రేవుకెల్లి తిరిగొచ్చేద్ది."

"నవ్వకు. ఇంకొక్క ఎత్తుతో నీ ఆట కట్టు!"

జాలరి మాస్టారి గడియారం వైపు చూశాడు.

"సిసిలియన్ డిఫెన్స్, నైడార్ఫ్ వేరి..."

"టైమైపోనాది మాస్టారూ! నానే గెలిసాను!"

"నా బలగమంతా బోర్డు మీదే ఉందయ్యా!"

"ఉండనీండి. టీములో నా కూతురి పేరు రాయండి. బేబీ. అంతే, అయిపోనాది."