అంకమ్మ తన్నని తన్ను

సువార్త ఉందనుకో, మిరపకోతల్లో దాని చేతి ముందు ఇంకో చెయ్యి నిలిచేది కాదు. కోతకి పోయే ఆడోళ్ళ సంగతి మీకు తెలిసిందేగా. పొద్దున్నే ఆటో ఎక్కినకాడి నించి మళ్ళీ ఇంటికొచ్చిందాకా నీళ్ళు ముట్టరు. తాగితే ఒంటికి పోవాల. చేలో చాటేదీ? పైగా కాయ కోసిన చేతులాయె, ఆ ఘాటు ఎక్కడ తగిలినా చచ్చామే. నవ్వమాకండే, నవ్వే సంగతి కాదిది. అట్టా ఆపుకోని ఆపుకోని, సువార్తకి ఒంటికి పోతే మంట పుట్టిందంట. కాయ ఘాటేలే అనుకుంది పిచ్చిది. అందరం అదే అనుకుంటాంగా.

ఏమైందంటే, కొన్నాళ్ళకి నడుం పక్కన ఒకటే పోటు. వంగలేదు, లేవలేదు. ఎండ మాడిపోతా ఉంటే దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడతన్నయ్యంట. అత్త దీనమ్మ చూసి, నడుం పట్టిందే, అంకమ్మ చేత తన్నిస్తే పోద్ది అంది. అంకమ్మ ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి కదా, ఆమె కాలు తగిల్తే ఎట్టాంటి పట్టయినా వదిలిపోద్దని పేరు. సువార్త నీళ్ళు, నీళ్ళు అంటే, 'జొరంలో నీళ్ళేందే, సన్నిపాతం కమ్ముద్ది' అని అదీ ఇవ్వలా.

అంకమ్మ వచ్చింది. సువార్తని నట్టింట బోర్లా పడుకోబెట్టారు. ఇంటినిండా జనం. అంకమ్మ కాలెత్తి, ముందు మెల్లంగా ఆనిచ్చిందంట, పోటున్న చోట. ఆనంగానే సువార్త పెట్టింది కేక! అంకమ్మ కాలు ఎనక్కి లాక్కుంది. 'ఒళ్ళు పెనంలాగా కాల్తందేందే? ఇది ఒంటికి పోయి ఎంతసేపయింది?' అంది. ఎవరికి తెలుసు? సువార్తనే అడిగితే, 'బస్తాలు కుట్టారా, కాటా అయిందా' అంటందంట. మతి తప్పిపోయింది. తన్నవే తల్లీ, ఒక్క తన్ను తన్నవే అని దీనమ్మ కాళ్ళావేళ్ళా పడతంది. 'నేను తన్నను. తంతే చచ్చిద్ది. ఆటో పిలవండి' అంది అంకమ్మ.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏం చెప్పిందంటే, మనిషి నడుంలో కిడ్నీలు రెండూ రక్తాన్ని చెరుగుతా ఉంటయ్యంట, మనం చేటలో బియ్యం చెరిగినట్టు. చెత్తంతా నీళ్ళతో బయటికి తోస్తయ్యంట. కింద పట్టిన చీము పైకి పాకి వాటినే పట్టుకుంది. అవి వాచిపోయాయి. ఆ చీముతో ఒంట్లో జరిగే పోట్లాటే ఈ చలీ, ఈ జొరం. ఇప్పుడిక చెరగటం కూడా ఆపేసినయ్, విషం రక్తంలోకి ఎక్కింది అందంట. సెలైన్లు, సూదులు, కింద గొట్టం పెట్టి సంచీ తగిలిచ్చారు. ఆ సంచీలోకి చుక్క దిగితేనే మనిషి దక్కినట్టు. దీనమ్మ మంచం పక్కన కూలబడి సంచీనే చూస్తా ఉంది. దిగలా. పొద్దు గూకింది, దిగలా. నీళ్ళడిగితే ఇవ్వకపోతినే తల్లీ అని గుండెలు బాదుకుంది. మర్నాడు పొద్దెక్కినాక బియ్యం కడుగులాగా మురిగ్గా ఒక్క చుక్క. దాని ఎనక ఇంకోటి. 'పోసిందే! నా కోడలు పోసిందే!' అని వార్డంతా వినపడేట్టు అరిచిందంట దీనమ్మ.

సువార్త బతికింది, మళ్ళీ కోతలకీ వస్తంది. ఇప్పుడు మమ్మల్ని కూలికి తోలుకుపోయే మేస్త్రి చేను గట్టున నాలుగు కర్రలు పాతి పాత చీర చుట్టిచ్చాడు, బిందెడు నీళ్ళూ సబ్బూ పెట్టిచ్చాడు. నాలుగు కర్రలకీ ఒక పాత చీరకీ మనిషి చావుదాకా పోయి రావాల్సొచ్చింది, చూడండి మన తెలివి. అంకమ్మ ఎంతమందిని తన్నిందో గానీ, పేరు మాత్రం తన్నని తన్నుకే వచ్చింది. సరే, చెప్పీ చెప్పీ నా గొంతెండింది, ఆ చెంబిటియ్యండి. మీరూ తాగండే, ఊరికే చూస్తారేం?