ఇది నాదే అనేవాడు

సరిహద్దులో యుద్ధం మొదలైన వారానికి, తనకల్లు బయట పాడుబడిన విత్తనాల గోడౌన్ వరండాలో మిట్టమధ్యాహ్నం ఇద్దరు: పైనుంచి వచ్చిన ఆఫీసరు ప్రణీత్, స్థానిక హెడ్ కానిస్టేబుల్ బయ్యన్న. లోపలి గదిలో మోటారు మెకానిక్ అతావుల్లా. పాపం, ఆ తలుపు వైపు చూసే ధైర్యం బయ్యన్నకు ఎప్పుడో పోయింది.

"నీళ్ళు తాగించావా?"

"తాగించినా సార్. మింగలేక కక్కినాడు. ఇంక చాలు సార్, మనిషి పోతాడు."

"పోడు. అంతదూరం రానివ్వం. రా, మళ్ళీ వాడి కాళ్ళు కదలకుండా పట్టుకో."

"ఇంకెవర్నన్నా పిలవండి సార్. నేనింక ఈడ నిలబడలేను."

"ఎండకా?"

"ఎండకే అనుకోండి."

"బయ్యన్నా, రేపు సైనికుల రైలు ఈ ఊరి వంతెన మీద పోవాలి. ఆ చుట్టుపక్కలే ఒక సిమ్ము ఉంది. దానికి రోజూ ఇంకో సిమ్ము నుంచి ఫోనొస్తుంది. ఎవరూ మాట్లాడరు. రెండూ వీడి పేరు మీదే. బాంబు కాక మరేంటి?"

"మోటారు సార్! చేనికాడ స్టార్టరు పెట్టెలో సిమ్ము ఏస్తారు. కరెంటు ఎప్పుడొస్తాదో తెల్దు గదా. ఇంటికాడ నుంచి ఫోను కొడితే బోరు తిరుగుతాది. ఈ పక్క అందరికీ వాడే బిగించినాడు."

"మిగతావన్నీ రైతుల పేర్ల మీదే ఉన్నాయి. ఈ రెండే వీడి పేరు మీద ఎందుకున్నాయి?"

"అది... ఎవరన్నా నా పేరు వద్దనింటారు."

"ఎందుకు వద్దంటారు?"

"పర్మిషన్ లేకుండా బోరేసింటారు సార్. దొరికిపోతామని."

"బోరు కోసం మనిషిని ఇలా చావనిస్తారా?"

"బోరు కోసం గాదు సార్, ఉద్యోగం..."

"రైతుకు ఉద్యోగమేంటి?"

"నోరు జారినా సార్. బతుకు అనబోయినా."

"సరే. ఆ రైతెవరో వచ్చి ఇది నాదే అనమను. పొద్దుట్నుంచి ఒక్కడొచ్చాడా?"

"ఎట్లొస్తాడు సార్? వస్తే వాన్నీ లోపలేస్తారు గదా."

"వెయ్యక తప్పదు. దేశమే ఉంటుందో పోతుందో అన్నప్పుడు ఒకడి ఒళ్ళునొప్పి చూసుకుంటామా? రైలు నిండా ప్రాణాలు బయ్యన్నా."

"వానికి నిజంగా తెలిసుంటే నేనే కొడతా సార్. తెల్లేకుంటే?"

"తెలీదని తేలాలన్నా అడగాలిగా."

"అడిగితే ఏమొస్తాండాది? బాంబు వంతెన కిందనా అంటే ఔనంటాడు, నీళ్ళ ట్యాంకు కాడనా అంటే ఔనంటాడు. నీ పేరు ఆంజి గదరా అన్నా ఔననే అంటాడు ఇప్పుడు!"

"అందుకే ఇంకా అడగాలి."

"గేటు కాడ వాని పెండ్లాం నూర్జాన్ కూర్చోనుండాది. మా ఆయన యాడుండాడన్నా, యాడుండాడన్నా అని నన్నే అడుగుతాది. ఎన్ని తూర్లని తప్పించుకునేది సార్?"

"వాడు నీకేమవుతాడు?"

"ఏమీ కాడు."

"మరి ఎందుకింత బాధ? బయ్యన్నా, నిన్నే."

"ఆ చేను నాది సార్."

"ఏ చేను?"

"వంతెన పక్కది. బోరు నాది, మోటారు నాది. పోలీసోడే దొంగబోరేసినాడంటారని, సిమ్ములు నీ పేరుతోనే తీసుకో అప్పా అని వాన్ని బతిమాలినా. ఫోను కొట్టేది మా ఇంటామె చెన్నమ్మ. రాండి, ఇప్పుడే ఫోను కొట్టి సూపిస్తా, నీళ్ళొస్తాయి. ఇంత కొట్టినా నా ముందర నా పేరు ఎత్తలేదు సార్ వాడు! అట్లాంటోని కాళ్ళు నేను పట్టుకున్నా. వాన్ని ఇడిసిపెట్టండి, నన్ను లోపలేసుకోండి. సార్... ఎందుకట్ల సూస్తారు?"

"పొద్దున వాణ్ణి తెచ్చినప్పుడు నువ్వు టీ తేవడానికి వెళ్ళావు."

"అవును సార్."

"కూర్చోబెట్టి మామూలుగానే అడిగాను, ఎవరి సిమ్మని. బయ్యన్నది అన్నాడు. నీ చేనూ చెప్పాడు, బోరూ చెప్పాడు."

"చెప్పినాడా? మరి..."

"మా పోలీసు మీదే నింద వేస్తాడా అని ఒళ్ళు మండింది. ఆ పేరు మళ్ళీ ఎత్తితే చంపేస్తానన్నాను. మొదటి దెబ్బ దానికే కొట్టాను బయ్యన్నా."